అందరికంటే ముందు చూసే పేరు

జెస్సీ ఏ ఫోటో పెట్టక పదకొండు రోజులయింది.

ఆ సంగతి యేసుప్రసాద్‌కు ఎవరూ చెప్పలేదు. తనే గమనించాడు. మైదుకూరు డిపోలో అతను ఇరవై ఆరేళ్లుగా కండక్టరు. పోరుమామిళ్ల బస్టాండులో బండి ఆగి, జనం దిగి, డ్రైవరు సుందరం టీకని పోగానే, వెనక సీట్లో చేరి టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని ఫోను తీసేవాడు. రెండేళ్లుగా అదే అలవాటు. కడపలో డిగ్రీ చదువుతున్న ఒక్కగానొక్క కూతురు ఆ పూట ఏం తిన్నది, ఏ చుడీదారు వేసుకున్నది, ఎవరి పక్కన నిలబడి నవ్వింది, అన్నీ ఇన్‌స్టాలో కనబడేవి. ఒకరోజు ఉగ్గాని ప్లేటు. ఒకరోజు దర్గా ఉరుసు దీపాల కింద స్నేహితురాళ్లతో. ఇంకోరోజు హాస్టలు మిద్దె మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి చర్చిపాట రెండు చరణాలు పాడిన వీడియో. ఆ వీడియోను అతను ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు.

ఇప్పుడు కొత్తవి రావడం లేదు. అంతకంటే కలవరపెట్టేది, పాతవి కూడా తగ్గిపోతున్నాయి. మొన్న చూస్తే ఉరుసు ఫోటో లేదు. నిన్న చూస్తే ఉగ్గాని లేదు. ఈరోజు పాట కూడా పోయింది.

ఇదంతా జెస్సీకి తెలిసి చూస్తున్నది కాదు. రెండేళ్ల కిందట ఆమెను హాస్టల్లో చేర్చిన వారానికే అతను తన పేరుతో ఖాతా తెరిచి, చూడనియ్యమని కూతురికి రిక్వెస్టు పంపాడు. జెస్సీ ఫోన్లో నవ్వింది. "నువ్వు ఆడ ఏం చేస్తావు నాయనా, వాట్సాప్ చాలు నీకు" అని ఊరుకుంది. ఒప్పుకోలేదు. అతనికి ఆ నవ్వులో ఏదో దాపరికం కనబడింది. నాలుగు రోజులు ఆలోచించి, స్వర్ణలత అనే పేరుతో ఇంకో ఖాతా తెరిచాడు. బొమ్మ ఉండాల్సిన చోట గులాబీ పువ్వు పెట్టాడు. ఊరు కడప అని రాశాడు. కాలేజీలో పెద్ద క్లాసు అమ్మాయి ఎవరో అనుకుందేమో, జెస్సీ రెండో రోజే ఒప్పుకుంది. అపరిచితురాలిని అంత సులభంగా రానిచ్చినందుకు అతనికి కూతురి మీద కోపం కూడా వచ్చింది.

భార్య రెజీనాకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెబుతుంది. చెబితే ఊరుకునే మనిషి కాదు. ఇది తండ్రి చేయాల్సిన కాపలా అని తనకు తాను చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు కాపలా సంగతి మరిచిపోయి, కూతుర్ని చూసుకోవడమే మిగిలింది. జెస్సీ ఏదైనా పెడితే రెండు నిమిషాల్లో చూసేసేవాడు. పాట పెట్టిన రోజు ఆగలేక, స్వర్ణలత పేరుతో 'చాలా బాగా పాడావు' అని రాశాడు. 'తల్లీ' అని కూడా రాసి, మళ్లీ చెరిపేశాడు.

కండక్టరు ఉద్యోగం మనిషికి ఒక గుణం నేర్పుతుంది. ముద్దనూరులో ఎక్కినవాడు ప్రొద్దుటూరులో ఎక్కానంటాడు. కళ్లు మూసుకున్నవాడు నిద్రపోతున్నాడో నటిస్తున్నాడో రెప్పలు చూసి చెప్పాలి. టికెట్టు తీసుకున్న వెంటనే చింపి కిటికీలోంచి పారేసేవాడి మీద యేసుప్రసాద్ ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఉన్నదాన్ని చింపేసుకునేవాడికి ఏదో భయం ఉంటుందని అతని అనుభవం.

కూతురు తన ఫోటోలు తానే తీసేస్తోంది. ఎవరికి భయపడి? ఎవరి కంట పడకుండా?

ఆ ఉదయం డ్యూటీకి బయలుదేరుతూ భార్యను కదిపి చూశాడు.

"పాప ఏమన్నా చెప్పిందా?"

"ఏం చెప్తాది. జరం తగ్గినాక మళ్లా కాలేజీకి పోతాంది. పరీక్షలు దగ్గరపడినాయంట." రెజీనా కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. "ఏంటికి అడుగుతాండావు?"

"ఊరికే."

"నీ ఊరికే నాకు తెలీదా. నువ్వే ఫోను చేసి అడగరాదా?"

చేశాడు. జెస్సీ ఎత్తింది. బాగుండా నాయనా, తిన్నా నాయనా, క్లాసుకు పోతాండా నాయనా. మూడు ముక్కలు. గొంతులో ఏ తేడా లేదు. తేడా లేకపోవడమే అతనికి తేడాగా అనిపించింది.

బస్సు ఖాళీగా ఉన్నప్పుడు స్వర్ణలత ఖాతాలోంచి జెస్సీ స్నేహితురాళ్ల పేజీలు కూడా తిరగేశాడు. ఆ పిల్లలు కూడా ఏమీ పెట్టడం లేదు. రోజుకు రెండు రీళ్లు పెట్టే ఒక అమ్మాయి పేజీలో ఒక్క పిల్లి బొమ్మ మాత్రం మిగిలింది. ఇంకొక అమ్మాయి పేరు వెతికితే దొరకనే లేదు. అందరూ మాట్లాడుకుని ఒకే స్టాపులో దిగిపోయినట్టుంది. ఇంతమంది కలిసి దాస్తున్నారంటే చిన్న విషయం అయ్యుండదు.

టీ గ్లాసుతో వచ్చిన సుందరాన్ని అడిగాడు, తన కూతురి పేరు ఎత్తకుండా. "ఏమప్పా, మీవాడు ఫోన్లో ఫోటోలవీ పెడతాడా?"

"మావాడా? వాడు పెట్టక ఏడాదయింది" అన్నాడు సుందరం. "పెండ్లిండ్లలో దిగినవి పెట్టేది నేనూ మా ఆవిడే. ఇప్పుడు పిల్లోల్లు పెట్టరంట ప్రసాదన్నా. ఊరికే చూస్తారంట, అంతే. మొన్న నేను వాని పుట్టినరోజు ఫోటో పెడితే తీసెయ్యల్లని నా మీద కొట్లాటకొచ్చినాడు."

"ఏంటికంట?"

"ఏమో. అడిగితే చెప్తారా వాళ్లు."

యేసుప్రసాద్ తల ఊపాడు గానీ నమ్మలేదు. సుందరానికి కొడుకు ఏమీ చెప్పలేదంటే, అక్కడ కూడా చెప్పకూడనిది ఏదో ఉన్నట్టే.

తిరుగు ప్రయాణంలో, బండి బద్వేలు దాటాక, స్వర్ణలత పేరుతో ఒక మెసేజ్ పంపాడు. 'ఈ మధ్య ఫోటోలు పెట్టడం లేదేం? ఏదైనా సమస్యా?'

అంతకుముందు ఒకే ఒక్కసారి అలా మెసేజ్ పంపాడు. పన్నెండు రోజుల కిందట జెస్సీకి జ్వరం వచ్చి, రాత్రంతా వణికిపోయానని తల్లికి ఫోన్లో చెప్పింది. అతను డ్యూటీలో ఉన్నాడు. ఉండబట్టలేక 'జ్వరం తగ్గిందా? మెస్సులో అన్నం తినొద్దు, బ్రెడ్డు తిను' అని స్వర్ణలత చేత రాయించాడు. జెస్సీ చూసింది, బదులివ్వలేదు. నీరసంగా ఉందేమో అనుకున్నాడు.

ఈసారి కూడా చూసింది. బదులు లేదు. మర్నాడు పొద్దున ఫోను తెరిస్తే జెస్సీ పేజీయే లేదు. ఆ పేరుగల మనిషి దొరకలేదని చూపించింది.

అతను డిపోకు పోయి సెలవు రాసిచ్చాడు. భార్యతో డ్యూటీ అనే చెప్పి, ఖాకీ చొక్కా వేసుకునే బయలుదేరి, బస్టాండు మరుగుదొడ్లో మామూలు చొక్కా మార్చుకున్నాడు. ఎవరో ఒక అబ్బాయి. అది ఖాయం. వాడే ఫోటోలు తీయించేశాడు. వాడు బెదిరిస్తున్నాడా, లేక ఈమెకే వాడి మీద మోజా? కడప బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఖాజీపేట వచ్చేలోగా ఆ అబ్బాయికి ఒక రూపం కూడా ఇచ్చేశాడు. బండి ఉంటుంది. గడ్డం ఉంటుంది.

కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న టీ అంగట్లో తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలు బయటకు వచ్చారు. జెస్సీ ఇద్దరు అమ్మాయిలతో కలిసి వచ్చింది. కాస్త చిక్కింది. అబ్బాయిలెవరూ దగ్గరకు రాలేదు. ముగ్గురూ జిరాక్సు అంగడికి పోయారు, కాగితాలు తీసుకున్నారు, హాస్టలు వైపు నడిచారు. అతను ఎండలో ముప్పై అడుగుల దూరంలో గోడ నీడ పట్టుకుని వెనక నడిచాడు.

అప్పుడు చూశాడు. జెస్సీ నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరుగుతోంది. ఒకసారి కాదు, వీధి చివర చేరేలోగా నాలుగుసార్లు. ఆగి ఉన్న ఆటోలోకి చూసింది. పాన్ డబ్బా దగ్గర ఫోను పట్టుకున్న మనిషిని చూసి అడుగులు వేగం చేసింది. అతను చప్పున ఒక గుమ్మంలోకి తప్పుకున్నాడు. తన బిడ్డ వెనక ఎవరో పడ్డారు.

అమ్మాయిలు హాస్టల్లోకి పోయాక కాసేపు ఆగి అతను గేటు దగ్గరకు చేరాడు. మగవాళ్లు లోపలికి పోకూడదు, బయట సిమెంటు బెంచీ మీద కూర్చోవాలి. అప్పటికే అక్కడ ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పంచె, తెల్ల అంగీ, భుజం మీద ఎర్రంచు తువ్వాలు. కాళ్ల దగ్గర రేకుపెట్టె, దాని మీద చుట్టిన పరుపు.

"బిడ్డను చేర్చేకి వచ్చినావా?" అని ఆయనే పలకరించాడు.

"లేదప్పా, చూసిపోదామని. నువ్వు?"

"నేను పిల్చుకపోయేకి వచ్చినా." ఆయన పేరు పెద్ద ఈరన్న. కోసిగి దగ్గర పల్లె. రాత్రి అక్కడ రైలెక్కి పొద్దున కడపలో దిగాడు. కూతురు నాగలత ఇక్కడే మూడో సంవత్సరం. "మా వంశంలో కాలేజీ మెట్టు ఎక్కిండేది ఆ యమ్మి ఒకతే. ఇంగ సదివింది సాలు, ఇంటికి పోదాం రామ్మా అని చెప్తాండా."

"పరీక్షల ముందర తీసుకపోతాండావే. ఏమాయ?"

పెద్ద ఈరన్న ఇటు తిరిగాడు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పవచ్చా అన్నట్టు ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఫోన్లో ఎవురో దొంగపేరు పెట్టుకోని ఈడ పిల్లోల్లను కనిపెడతాండారంట. ఏమి పెట్టినా అందరికంటే ముందు ఆ పేరే చూస్తాదంట. అది మా నాగలతే అని అంటాండారు. రూములో పిల్లోల్లంతా మాట్లాడేది నిలిపేసినారు. అన్నం కాడ పక్కన కూకోరు. ఫోను గుంజుకోని హాస్టలు మేడంకు ఇచ్చినారంట. నా బిడ్డ ఫోను అద్దం పగిలి ఆర్నెల్లాయ, సరిగ్గ కనపడేది గూడ లేదు."

యేసుప్రసాద్ బెంచీ అంచుకు జరిగాడు. "ఏం పేరంట?"

"స్వర్ణలతంట."

వీధిలో ఒక ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా అతను కదల్లేదు.

"ఆ పిల్లేనని ఎట్ల అనుకున్న్యారు?" అని అడిగాడు.

"ఆ రూములో జెస్సీ అని ఒక యమ్మి. ఆ యమ్మికి జరమొచ్చి రాత్రంతా వణికిందంట. నాగలతే తడిగుడ్డ ఏసి, తెల్లారిందాక మేల్కోని ఉండాది. ఇంగ హాస్టల్లో ఎవురికీ తెలీదు ఆ సంగతి. పొద్దున్నే ఆ దొంగపేరు అడిగిందంట, జరం తగ్గిందా, బ్రెడ్డు తిను అని. ఇంగ ఎవురప్పా, రూములో ఉండేదే కదా అని తేల్చినారు." పెద్ద ఈరన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చేసింటే చేసినా అని చెప్పు, కొట్టను అని అడిగినా. నా కాళ్లు పట్టుకోని ఏడ్సింది. నాకూ ఇప్పుడు ఏమనుకోవాల్నో తెలీడంల్యా. సొంత బిడ్డ మీద అనుమానము వచ్చినాక ఇంగ ఏముండాది."

యేసుప్రసాద్ లేచి నిలబడ్డాడు. నీళ్లు తాగొస్తానని చెప్పి పది అడుగులు అవతలికి పోయాడు. బస్టాండు నడిచిపోయేంత దూరం. పోతే ఎవరూ అడగరు. తను వచ్చిన సంగతి జెస్సీకి కూడా తెలియదు. ఫోను తీశాడు. స్వర్ణలత ఖాతాను చెరిపేసే చోటు ఎక్కడుందో అతనికి తెలుసు. తెరిచి, అక్కడిదాకా పోయి, వేలు ఆపి నిలబడ్డాడు. చెరిపేస్తే స్వర్ణలత ఎవరన్నది ఇక ఎప్పటికీ తేలదు. రేకుపెట్టె, పరుపు కోసిగికి వెళ్లిపోతాయి.

"నాయనా?"

జెస్సీ గేటు లోపల నిలబడి ఉంది. కిటికీలోంచి చూసిందట. తండ్రిని చూడగానే ఆమె ముఖంలో మొదట కనిపించింది భయం, తర్వాతే సంతోషం. "అమ్మ బాగుండాదా? చెప్పకుండా వచ్చినావేం?"

"అమ్మ బాగుంది. నిన్ను చూద్దామనే."

గేటు పక్కన చిన్న గది ఉంది, తల్లిదండ్రులు వస్తే కూర్చోవడానికి. అక్కడ రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏమైందని అతను అడగకముందే జెస్సీ చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని ఇన్నాళ్లూ దాచిందట. దొంగ ఖాతా సంగతి చెప్పింది, జ్వరం సంగతి చెప్పింది. నిన్న మళ్లీ 'ఫోటోలు పెట్టడం లేదేం' అని అడిగిందని చెప్పేటప్పుడు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అందుకే అన్నీ తీసేసినా. ఇంగ ఖాతానే లేదు నాకు."

"అన్నీ ఏంటికి తీసినావు పాపా. ఆ ఒక్కరిని తీసేస్తే సరిపోయేది గదా."

"ఆ ఒక్కటే అయితే కదా నాయనా." జెస్సీ చున్నీ కొస వేలినుంచి విప్పింది. "నీకు చెప్తే అర్థమైతాదో లేదో. ముందర మేమంతా పెడితే మా వాళ్లే చూసేవాళ్లు, ఏదో ఒకటి రాసేవాళ్లు, నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు రెండు నూర్ల మంది చూస్తారు, ముగ్గురు మాట్లాడతారు. మిగిలినోళ్లు ఏంటికి చూస్తాండారో తెలీదు. రాజంపేటలో చిన్నాయన కూతురి పెండ్లిలో నేను చేతుల్లేని జాకెట్టు వేసుకున్న్యా గదా, ఆ ఫోటో యాడికి పోయిందో తెల్సా? చర్చి గ్రూపులోకి. పాస్టరమ్మ అమ్మను అడిగిందంట. అమ్మ నాకు చెప్పలే, నీకూ చెప్పలే. నాకు వేరేవాళ్లు చెప్పినారు."

అతనికి తెలియదు. చెప్పమన్నట్టు తల ఆడించాడు.

"మా సీనియరు ఒకామె ముఖం తీసుకోని కంప్యూటరుతో వేరే ఒంటికి తగిలించినారు. ఆమె ఏమీ పెట్టలే పాపం, కాలేజీ ఫంక్షను ఫోటో ఒకటి. ఆమె ఇప్పుడు ఫోనే వాడదు. అదైనాక మేము ఒక్కొక్కరే తీసేస్తా వచ్చినాము. పెట్టాల్నంటే ముందే ఇది ఎవురు చూస్తారు, ఏమనుకుంటారు, పదేండ్ల తర్వాత ఎవురు బయటకు తీస్తారు అని అంతా ఆలోచించుకోవల్ల. అంత ఆలోచించినాక పెట్టబుద్ధి కాదు. మా నలుగురికి ఒక గ్రూపుండాది, ఏదున్నా ఆడనే పంపుకుంటాము. ఆ నలుగురిలోనే నాగలత ఉండేది." ఆమె చున్నీ కొస మళ్లీ వేలికి చుట్టుకుంది. "ఆమే ఇట్ల చేస్తే ఇంగ ఎవుర్ని నమ్మాల?"

యేసుప్రసాద్ నేల చూస్తున్నాడు.

"నాయనా, నువ్వు ముఖం చూసి చెప్తావు గదా టికెట్టు తీసినారా లేదా అని. బయట బెంచీ మీద వాళ్ల నాయన ఉండాడు. ఆమె గూడా దిగొస్తాది ఇప్పుడు. ఒకసారి చూసి చెప్పు. ఆమేనా?"

"కాదు" అన్నాడు.

"చూడకుండానే చెప్తాండావే."

అతను జేబులోంచి ఫోను తీసి, తెరిచి, కూతురి చేతిలో పెట్టాడు.

జెస్సీ చాలాసేపు చూసింది. గులాబీ పువ్వు బొమ్మ. తనకు వచ్చిన మెసేజులు, ఈ వైపు నుంచి. పైకి జరిపి, కిందికి జరిపి, మళ్లీ పైకి జరిపింది. అరుస్తుందేమో అనుకున్నాడు. అరవలేదు.

"పాటకు రాసింది నువ్వేనా?" అంది చివరికి.

"నేనే."

"ఆ పాట ఎంతమంది చూసినా, బాగా పాడినావని రాసింది ఆ పేరు ఒకటే. ఎవురో తెలీని అక్క మెచ్చుకునిందని రెండు రోజులు సంతోషంగా తిరిగినా." ఆమె ఫోను కుర్చీ చేతి మీద పెట్టింది. "నీ నోటితో చెప్పింటే కాదా?"

కాపలా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆమె ఫోను నేనే లాక్కున్న్యా నాయనా" అంది జెస్సీ. "మేడంకు ఇచ్చింది నేనే. దాంట్లో ఏమీ దొరకలే. చెరిపేసింటాది అన్న్యా. తెలివైన దొంగ అన్న్యా." లేచి నిలబడింది. "రా. వాళ్లకు నువ్వే చెప్పు. నేను చెప్పను."

మేడం గదిలో ఐదుగురు నిలబడితే నిండిపోయింది. నాగలత సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. యేసుప్రసాద్ చేతులు కట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఆగితే ఇంక చెప్పలేనని భయం. మేడం మధ్యలో రెండుసార్లు "మీరు చదువుకున్నవాళ్లేనా" అంది. ఫోను పెట్టమంటే బల్ల మీద పెట్టాడు. ఆమె చూసి, నాగలత వైపు చూడలేక, కిటికీ వైపు తిరిగింది.

పెద్ద ఈరన్న మాట్లాడే ముందు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాడు.

"నా పక్కనే కూకోని అంతా అడిగినావు కదప్పా. అప్పుడు గూడ చెప్పకపోతివి."

"అప్పుడు ధైర్యం చాలలేదన్నా. తప్పు నాది."

"నీ బిడ్డను కాపాడుకునేకి పోయి నా బిడ్డకు దొంగ అని పేరు పెట్టిస్తివి. ఆ పేరు ఈడ ఎంతమంది నోట్లో ఉండాదో, ఊర్లో ఎంతమందికి తెలిసిందో. అందరి కాడికి పోయి చెప్తావా?"

"చెప్తా" అన్నాడు యేసుప్రసాద్. "కోసిగికి రమ్మంటే వస్తా."

పెద్ద ఈరన్న ఆ మాట నమ్మాడో లేదో తెలియలేదు. కూతురి వైపు తిరిగాడు. "పోదామా, ఉంటావా? నీ ఇష్టం."

నాగలత యేసుప్రసాద్‌ను అసలు చూడలేదు. జెస్సీనే చూస్తూ ఉంది. "ఆ రాత్రి నీ కాడ కూకోని ఉన్న్యా. అదే తప్పాయ నాకు. నీ కాడ లేకుంటే నా మీదకు వస్తుండ్ల్యా" అంది. నాగలత తండ్రితో అంది, "పరీక్షలు రాసేకి ఉంటా. ఆ రూములో మాత్రం ఉండను."

మేడం కింద అంతస్తులో ఇంకో గది ఇస్తానంది. పెద్ద ఈరన్న రేకుపెట్టె ఎత్తుకున్నాడు. పరుపు తీసుకోవడానికి యేసుప్రసాద్ ముందుకు వంగితే, "వద్దులేప్పా" అని అది కూడా తనే చంకలో పెట్టుకుని మెట్లవైపు నడిచాడు.

ఆ సాయంత్రం భోజనానికి చాలా ముందే, కుట్టుమిషను దగ్గర నిలబడి, అతను రెజీనాకు కూడా చెప్పాడు. ఆమె పాదం మిషను మీద ఆగిపోయింది. దారం తెంపి, సూది తీసి డబ్బాలో పెట్టి, మూత బిగించింది.

"ఇంకొకటి ఉండాదా?" అని అడిగింది.

"ఏది?"

"ఇట్లాంటి పేరు. నా మీద గూడా ఏమన్నా పెట్టినావా?"

"లేదు రెజీనా. దేవుని మీద..."

"దేవుణ్ణి తీసుకురావద్దు. ఫోను ఇయ్యి."

ఇచ్చాడు. ఆమెకు దానిలో ఏం వెతకాలో తెలియదు. అయినా గంటసేపు ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఏమీ దొరకలేదు. దొరకకపోయినా ఆమె ముఖం తేటపడలేదు.

అతను అన్నమాట ప్రకారం మరుసటి వారం హాస్టలుకు పోయాడు. ఆ అంతస్తు పిల్లలందరినీ మేడం పిలిస్తే, వాళ్ల ముందు మళ్లీ చెప్పాడు. పాతికమంది ఆడపిల్లలు చేతులు కట్టుకుని విన్నారు. అందరి చూపూ ఒకేలా ఉంది. బస్సులో టికెట్టు లేకుండా దొరికిపోయినవాణ్ణి మిగతా జనం చూసే చూపు అది. ఇరవై ఆరేళ్లలో ఆ చూపు తన మీద పడడం అదే మొదటిసారి. కోసిగికి పెద్ద ఈరన్న రమ్మనలేదు. యేసుప్రసాదే ఫోను చేసి, ఊరి పెద్దలతో మాట్లాడతానన్నాడు. "వద్దు. నువ్వు వస్తే ఏమి, ఎందుకు అని తెలీనోళ్లకు గూడ తెలుస్తాది" అని ఆయన పెట్టేశాడు.

స్వర్ణలత ఖాతాను జెస్సీ ముందరే చెరిపేశాడు. అయినా ఆమె నమ్మకం తిరిగి రాలేదు. తల్లికి ఫోను చేసినప్పుడల్లా మొదట "నాయన పక్కన ఉండాడా?" అని అడిగేది. ఉన్నాడంటే తర్వాత చేస్తానని పెట్టేసేది. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, అన్నం తినేటప్పుడు కూడా ఫోను ఒడిలో బోర్లించి పెట్టుకుంది. అతను నీళ్లకని లేస్తే, తన వెనకగా పోతాడేమోనని కొంచెం పక్కకు జరిగింది. అతను అది చూశాడు. ఇంకో వైపునుంచి తిరిగిపోయాడు.

మళ్లీ ఖాతా తెరుస్తుందేమోనని రెజీనా అడిగితే, "తెరిచి ఏం పెట్టాలమ్మా" అంది. "చూడల్ల అనుకునేవాళ్లు ఎదురుగా ఉండారు గదా. వాళ్లతో మాట్లాడేదే చేతకాకపాయ." నాగలతతో మాట్లాడావా అని అడిగితే లేదంది. వారానికి రెండుసార్లు ఆమె గది ముందు నిలబడి తిరిగి వస్తున్నానంది.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం జెస్సీ తల్లికి ఫోను చేసింది. యేసుప్రసాద్ డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. రెజీనా అతని వైపు చూసి, "మీ నాయన వచ్చినాడు. తర్వాత చేస్తావా?" అంది.

"వద్దులే. స్పీకరు పెట్టు" అంది జెస్సీ.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఈరోజు నాగలత కిందికి పిలిచి జొన్నరొట్టె పెట్టింది. వాళ్ల ఊరినుంచి వచ్చినాయి. ఎక్కువ మాట్లాడలే. పెట్టింది, తిన్న్యా, అంతే." జెస్సీ గొంతు కొంచెం పెంచింది. "నాయనా, వింటాండావా?"

"వింటాండా పాపా."

"ఇట్ల వింటాండానని చెప్పి విను. అది చాలు నాకు."

"సరే" అన్నాడు.

ఆ తర్వాత జెస్సీ అతనితో ఇంకేమీ మాట్లాడలేదు. సెలవులకు వచ్చేటప్పుడు ఏమేం తేవాలో, శనక్కాయల పొడిలో కారం ఎందుకు ఎక్కువైందో తల్లితోనే మాట్లాడింది. యేసుప్రసాద్ గడప మీద కూర్చుని, తను అక్కడే ఉన్నానని తెలిసేలా మధ్యమధ్య "ఊఁ" అంటూ, ఆమె పెట్టేసేదాకా విన్నాడు.